గోపురం మొలిచిన బొమ్మ

పెళ్ళయిన పద్దెనిమిదేళ్ళలో మా ఆయన గోడకి మేకు కొట్టడం నేను చూడలేదు. కేలెండర్ తగిలించాలన్నా స్టూలెక్కేది నేనే. అట్లాంటి మనిషి తొంభై ఏడులో, ఉగాది వెళ్ళిన రెండో ఆదివారం, తువ్వాలు చుట్టిన పటం ఒకటి చంకలో పెట్టుకుని వచ్చి, సంచిలోంచి కొత్త సుత్తి తీస్తే నాకెట్లా ఉంటుంది? అనుమానం రాకపోతే నేను ఆడదాన్నే కాను.

"ఏమది?" అన్నాను.

"బొమ్మ."

"ఎవరి బొమ్మ?"

"ఎవరిదీ కాదే. పాడుబడిన గుడి. చిక్కపేట సండే బజార్లో దొరికింది. నూరో రెండొందలో ఏండ్ల కింద, దేశమంతా కొలతలేసుకుంటా తిరిగిన దొర ఎవరో అక్కడే కూర్చోని నీళ్ళ రంగుల్తో వేసిండాడంట."

తువ్వాలు విప్పాడు. మూరెడు పటం. ముందు వరసగా స్తంభాలు, కొన్ని వాలిపోయి, కొన్ని సగానికి విరిగి. వాటి వెనక గోపురం, పై సగం కూలిపోయి, మిగిలిన ఇటుకల్లో గడ్డి మొలిచి. ఒక స్తంభానికి ఆనుకుని ఎవరో ఆడమనిషి, పక్కన కడవ. రంగులన్నీ ఎన్నో ఉతుకులు చూసిన చీరలాగా వెలిసిపోయాయి. దాన్ని ఏ మూలో తగిలించి ఊరుకుంటాడనుకున్నాను. ఊరుకుంటేనా! మరుసటి ఆదివారానికి ముందుగదికి మీగడ రంగు సున్నం వేయించాడు. దేవుడి కేలెండర్లు, గడియారం, మా పెళ్ళి ఫోటో అన్నీ పక్క గోడకి పంపించి, నడిగోడ మీద ఆ పాడుగుడిని ఒక్కదాన్నే నిలబెట్టాడు. పైన కొత్త ట్యూబులైటు. ఎదురుగా తన చెక్క కుర్చీ. ఆ కుర్చీ నాలుగు కాళ్ళ చుట్టూ ఎర్ర గచ్చు మీద తెల్ల రంగుతో గీతలు గీశాడు, కుర్చీ ఆ గీతలు దాటకూడదట. కసువు ఊడ్చేటప్పుడు జరిపినా మళ్ళీ అక్కడే పెట్టాలట.

మా అత్త అక్కయమ్మ గడప దగ్గర నిలబడి అంతా చూసింది.

"ఒరే పద్మనాభా, భిన్నమైన దేవుణ్ణి ఇంట్లో పెట్టుకోకూడదురా నాయనా. వేలు విరిగిన విగ్రహాన్నే తీసుకుపోయి ఏట్లో వదిలిపెడతారు. నువ్వు ఏకంగా గుడి మొత్తం కూలిపోయింది తెచ్చినావే!"

"అమ్మా, గమ్మునుండు. బొమ్మే కదా."

"బొమ్మే కదా అంటే? పొద్దున లేస్తూనే పాడుబడింది చూస్తే ఇల్లూ అట్లే పాడుబడుతుంది. మీ నాయనుంటే ఒప్పుకోనుండునా?"

మా అత్తకి, నాకు ఒక్క మాట మీద పొంతన కుదిరింది లేదు ఎప్పుడూ. ఆ బొమ్మ విషయంలో మాత్రం ఇద్దరం ఒకటయ్యాం. ఆమెకి గుడి మీద అనుమానం. నాకు అందులో కూర్చున్న ఆడదాని మీద.

మా అమ్మాయి శ్రీజ పరీక్షలు రాసేసి హోసూరులో మా అన్న గురప్ప ఇంటికి సెలవులకు వెళ్ళింది. ఇంట్లో ముగ్గురమే. మా ఆయనకి బొమ్మసంద్రలో బండ్ల సామాను చేసే ఒక ఫ్యాక్టరీలో పని, తయారైన సామాను చూసి బాగుందా లేదా అని ముద్ర వేసే పని. ఆరున్నరకి సిల్క్ బోర్డు దగ్గర కంపెనీ బస్సెక్కాలి. అంతకు ముందు స్కూటర్ మీద పోయేవాడు. ఆ ఎండాకాలం స్కూటర్‌కి గోనెపట్టా కప్పేశాడు. ఎందుకంటే, ట్రాఫిక్ అన్నాడు. పేపరు చదవడం మానేశాడు. ఎందుకంటే, బేజారు అన్నాడు. నా కాపురం నా చేతుల్లోంచి జారిపోతా ఉందని నాకు తెలిసిపోయింది. ఎవరివైపు జారుతుందో తెలుసుకోవడమే మిగిలింది.

రోజూ పొద్దున అయిదున్నరకే లేచి ఆ కుర్చీలో కూర్చునేవాడు. నేను వంటింటి కర్టెన్ సందులోంచి చూసేదాన్ని. ఎడమ చేత్తో ఎడమ కన్ను మూసుకునేవాడు. బొమ్మకేసి అట్లే చూస్తా పెదాలు కదిపేవాడు. తర్వాత కుడి కన్ను మూసుకుని మళ్ళీ అదే తంతు. చెవులు రిక్కిస్తే వినబడింది: "ఒకటి, రెండు, మూడు..." పదకొండు దాకా లెక్కపెట్టి ఆగిపోయి ఒక నిట్టూర్పు.

ఒకరోజు కాఫీ గ్లాసుతో ఎదురుగా పోయి నిలబడ్డాను. "ఏం లెక్కపెడతా ఉండారు?"

ఉలిక్కిపడ్డాడు. "ఏమీ లేదు. ప్రాణాయామం."

"ప్రాణాయామానికి ముక్కు మూసుకుంటారు. కన్ను మూసుకునే ప్రాణాయామం ఏ సామి చెప్పినాడు మీకు?"

"కాఫీ ఇచ్చి పోవే," అన్నాడు. నావైపు చూడలేదు. నా చెవి పక్కగా ఎక్కడో గోడకేసి చూస్తా గ్లాసు అందుకున్నాడు.

అదే నన్ను ఎక్కువ కాల్చింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ మనిషి నా ముఖంలోకి చూడటం మానేసి అప్పటికి నెల దాటింది. నేను ముఖం మాడ్చుకుని తిరిగినా ఏమనడు. ఏడ్చి కళ్ళు వాచిపోయి అన్నం వడ్డించినా "ఏమైంది ప్రేమా" అనడు. మునుపు నాకు తలనొప్పి వస్తే నేను చెప్పకముందే కనిపెట్టేవాడు, నా కనుబొమ్మలు చూసి.

మే మొదటివారంలో చొక్కా ఉతకబోతే జేబులో చీటీ దొరికింది. కన్నడంలో ఒక ఆడపేరు, సహన. కింద ఫోన్ నంబరు. దాని కింద, గురువారం ఆరుగంటలు. మూడు వారాలుగా గురువారాలు ఆయన ఎనిమిదికి గాని ఇల్లు చేరడం లేదు. ఓవర్‌టైము అంటున్నాడు.

చేతులు కడుక్కోకుండానే, సబ్బు నురగతోనే, మడివాళ మార్కెట్ పక్క ఎస్.టి.డి. బూతుకి పోయాను. నంబరు కొట్టాను. పడుచు గొంతు పలికింది: "హలో, సహన మాతాడ్తా ఇద్దీని."

నేను మాట్లాడలేదు.

"హలో? యారు? హేళి..." ఎవరో చెప్పమని అడుగుతోంది. మెత్తటి గొంతు. కోపం లేదు, తొందర లేదు. ఆ గొంతుకి ఎవరికైనా మనసులో మాట చెప్పుకోవాలనిపిస్తుంది. ఫోను పెట్టేశాను. ఆ నెలలో ఇంకో మూడుసార్లు పోయి మూడుసార్లూ అట్లే పెట్టేసి వచ్చాను. బూతు ఓనరు కూడా నన్ను అనుమానంగా చూడటం మొదలుపెట్టాడు.

"సహన ఎవరు?" అని ఆయన్ని ఒక్కమాట అడగవచ్చు కదా అంటారు. అడిగితే చెప్పేస్తాడేమోనని భయం. చెప్పిన తర్వాత నేను ఇంట్లో ఉండటానికి లేదు. ట్రంకు పెట్టెలో నాలుగు చీరలు సర్ది మంచం కిందికి తోశాను. శ్రీజ ఎట్లాగూ హోసూరులోనే ఉంది. అన్న రెండు ముద్దలు పెట్టకపోడు. ఒక్క సాక్ష్యం కళ్ళారా చూసిన రోజున పెట్టె తీసుకుని బస్సెక్కడమే అనుకున్నాను.

మా అత్త నాలాగా చాటుగా కుళ్ళే మనిషి కాదు. ఒక గురువారం ఆయన పనికి పోగానే ఆవులప్పను వెంటబెట్టుకుని వచ్చింది. గుడి గోపురాలకి రంగులు వేయడం ఆవులప్ప పని. మా వీధి చివర మారెమ్మ గుడికి అప్పుడే కొత్తగా వేసి ఉన్నాడు. ఆకుపచ్చ, గులాబీ, పసుపు. చీకట్లో కూడా కనిపిస్తుంది ఆ గుడి.

"చూడప్పా," అంది మా అత్త బొమ్మ చూపించి. "బయట పారేద్దామంటే వాడు ఒప్పుకోడు. పాడుబడిన గుడిని ఊళ్ళో వాళ్ళు ఏం చేస్తారు? బాగుచేసుకుంటారు. అంతే. నువ్వు దీన్ని బాగుచేసి పెట్టు."

ఆవులప్ప పటం కిందికి దించి అద్దం ఊడదీసి అటూ ఇటూ చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "దొర బాగానే వేసిండాడు తల్లీ. కానీ పాపం, పూర్తి చేయలేదు," అన్నాడు.

"అదే కదా నేను చెప్పేది!"

"కలశాలు ఏడు పెట్టేదా, అయిదా?"

"ఏడు పెట్టప్పా. మనమే కడతా ఉండి పిసినారితనం ఎందుకు?"

"స్తంభాలు?"

"వాలినవి నిలబెట్టు. విరిగినవి ముగించు. జాగా ఉండే చోట కొత్తవి వెయ్యి."

నేను ఆపవచ్చు. ఆయనకి అది ఎంత ప్రాణమో నాకు తెలుసు. తెలిసే ఆపలేదు. సాయంత్రం ఆయన వచ్చి ఆ బొమ్మ చూసి గుండెలు బాదుకుంటే చూడాలని ఉండింది. అప్పుడైనా ఏదో ఒకటి నోరు జారుతాడు కదా. ఆపకపోగా నా పాపం నేనూ కలిపాను. ఆవులప్ప కుంచె కడుక్కుంటుంటే దగ్గరకు పోయి చెప్పాను: "అన్నా, ఆ ఆడమనిషి మీద ఒక తులసికోట వేసెయ్యి."

"కడవ?"

"కడవ కూడా పోనీ."

మూడుగంటలకల్లా గుడి లేచింది. పసుపు గోపురం, ఏడు కలశాలు, పైన ఎర్ర జెండా. స్తంభాలన్నీ గులాబీ రంగులో బారులు తీరి నిలబడ్డాయి. లెక్కపెట్టాను, పదహారు. మా అత్త కొబ్బరికాయ కొట్టి, కర్పూరం వెలిగించి, ఆవులప్పకి తాంబూలం ఇచ్చింది. పటం మళ్ళీ మేకుకి ఎక్కింది.

ఎనిమిదికి మా ఆయన వచ్చాడు. గురువారం కదా. చెప్పులు విడిచి, లోపలికొచ్చి, కుర్చీలో కూర్చుని బొమ్మవైపు తిరిగాడు. మా అత్త వంటింటి గడపలో, నేను ఆమె వెనక నిలబడ్డాం.

"అద్దం తుడిచినట్లుండారే," అన్నాడు. "బాగా మెరుస్తా ఉండాది."

అంతే. కాళ్ళు కడుక్కోవడానికి పోయాడు.

మా అత్త ముఖం వెలిగిపోయింది. "చూసినావా అమ్మణ్ణీ, నా కొడుక్కీ నచ్చింది," అంది. నాకు మాత్రం అనుమానం రెట్టింపయింది. ఇంత జరిగినా కిక్కురుమనకుండా మింగేశాడంటే ఎంత పెద్ద తప్పు దాస్తా ఉండాలి? అరిస్తే తీగ లాగినట్టవుతుందని, డొంక కదులుతుందని భయపడ్డాడు! ఇంకేం సాక్ష్యం కావాలి? పొద్దున్నే పెట్టె తీసుకుని పోదామనుకున్నాను.

పొద్దున పెట్టె మంచం కిందినుంచి లాగుతా ఉంటే ముందుగదిలోంచి వినబడింది. "ఒకటి, రెండు, మూడు..."

నిలబడిపోయాను.

"...తొమ్మిది, పది, పదకొండు."

పెట్టె వదిలేసి పోయి కుర్చీ వెనక నిలబడ్డాను. బొమ్మలో స్తంభాలు లెక్కపెట్టాను. పదహారు. మళ్ళీ లెక్కపెట్టాను. పదహారే.

"ఎన్ని ఉండాయి?" అన్నాను.

ఈసారి ఉలిక్కిపడలేదు. నా చెయ్యి కుర్చీమీద ఆనింది తెలిసిందేమో. "పదకొండు," అన్నాడు మెల్లగా.

"ఆ స్తంభం దగ్గర ఆడమనిషి ఏం చేస్తా ఉండాది?"

"ఆమె ఎప్పుడూ చేసేదే. కడవ పక్కన పెట్టుకొని కూర్చోనుండాది."

తులసికోట ఆకుపచ్చగా నా కళ్ళల్లో గుచ్చుకుంటోంది. చుట్టూ తిరిగి వచ్చి ఆయనకీ బొమ్మకీ మధ్య గచ్చుమీద కూలబడ్డాను.

"నన్ను చూడండి," అన్నాను. "నా ముఖం ఎట్లుండాది చెప్పండి."

ఆయన చూశాడు. నాకేసి కాదు, ఎప్పటిలాగే నా చెవి పక్కన గోడకేసి. తల కొంచెం ఇటు తిప్పాడు, కొంచెం అటు తిప్పాడు. దొంగచూపు అనుకున్నానే రెండు నెలలు, అది వెతుకులాట. నేరుగా చూస్తే నేను మాయమైపోతున్నాను. పక్కకి చూస్తే అంచుల్లో ఎక్కడో కొంచెం దొరుకుతున్నాను.

"తల దువ్వుకోలేదు నువ్వు ఇంకా," అన్నాడు చివరికి.

"ముఖం అడిగితి."

ఆయన రెండు చేతులూ మోకాళ్ళమీద పెట్టుకుని, బడిపిల్లవాడు తప్పు ఒప్పుకున్నట్టు చెప్పాడు. "ముఖాలు పోయినాయి ప్రేమా. శివరాత్రి నుంచీ. కంట్లో నడుమ భాగం చెడిపోతా ఉండాదంట. అంచులు ఉంటాయంట. నడుమ మాత్రం నిలవదంట. రంగులు కూడా తెలియవంట."

"ఎవరు చెప్పినారు?"

"జయనగర్‌లో ఒక కంటి డాక్టరమ్మ. సహన అని. గురువారాలు చూస్తుంది. గీతల కాగితం ఒకటి ఇచ్చి, గోడకి అంటించుకో, రోజూ ఒకే దూరంలో కూర్చోని ఒక్కో కన్ను మూసుకొని చూడు, గీతలు వంకరపోతే, మాయమైతే వెంటనే వచ్చి చెప్పు అనింది. అది అంటిస్తే మీరంతా ఇదేమని అడుగుతారు కదా. అందుకని స్తంభాలుండే బొమ్మ కొనుక్కొస్తిని."

"గీతలు తిన్నగా ఉండేవి చూడాలంటే వాలిపోయిన స్తంభాల బొమ్మ తెస్తారా ఎవరైనా?"

ఆయన ఒక నవ్వు నవ్వాడు. ఆ నవ్వు నేను ఇప్పటికీ మరిచిపోలేదు. "తిన్నగా ఉండేవి తెచ్చుకుంటే వంకరపోయింది నా కన్నే అని తెలిసిపోతుంది కదే. ఇదైతే, గుడే పాడుబడింది అనుకోవచ్చు."

నేను ఏడవలేదు. ముందు కోపం వచ్చింది. చెప్పుకోవడానికి సిగ్గుగా ఉంది గాని, ఆ క్షణంలో ఆయన కళ్ళకంటే నాకు అదే పెద్దదిగా తోచింది.

"ఆమెకి చెప్పినారు. నాకు చెప్పలేదు. పద్దెనిమిదేండ్లు కాపురం చేసిన దాన్ని, ఎవరో సహనకి చెప్పిన మాటకి నేను పనికిరాకపోతినా?"

"ఆమె ముఖం నాకెట్లాగూ తెలీదు. అది కనిపించకపోతే నాకేమీ బాధ లేదు. నీది కనబడలేదని నీకే ఎట్ల చెప్పేది? ఈ రెండు నెలలూ నువ్వు బాగుండావులే, ఏ బాధా లేదులే అనుకుంటా ఉంటిని. అరవలేదు కదా నువ్వు."

అరవలేదు. నిజమే. మూతి ముడుచుకున్నాను, కళ్ళెర్రజేశాను, ఏడ్చి ముఖం ఉబ్బించుకున్నాను. చెప్పాల్సిందంతా ముఖంతోనే చెప్పాను, కనబడని మనిషికి.

అప్పుడు మా అత్త గడపలోంచి వచ్చింది. అంతా విన్నట్టుంది. పటం దగ్గరకి పోయి, కొంగుతో అద్దం తుడిచి, తుడిచి, "గోపురం కట్టిస్తినిరా నాయనా," అంది. "నీకు తెలీదు గాని, కట్టిస్తిని." అని గచ్చుమీద కూర్చుని ఏడ్చింది. ఆయనకి అర్థం కాలేదు. నేనే చెప్పాను, కలశాలు, జెండా, పదహారు స్తంభాలు. తులసికోట సంగతి కూడా చెప్పాను. అది ఎందుకు వేయించానో చెప్పడానికి మాత్రం ఇంకో రెండు రోజులు పట్టింది. చెబితే విని కోప్పడతాడనుకున్నాను. "ఎవరో ఫోన్ చేసి పలక్కుండా పెట్టేస్తా ఉండారని డాక్టరమ్మ అనింది. అది కూడా నువ్వేనా!" అని నోరు తెరిచాడు.

"మరి ఫ్యాక్టరీలో ముద్ర ఎట్ల వేస్తా ఉండారు?" అని అడిగాను ఆ పొద్దున్నే.

"చేత్తో తడిమి." తల వంచుకున్నాడు. "గరుకుంటే తీసేస్తా ఉండాను. మిగిలిందంతా దేవుడి దయ."

"ఆ సామాను ఎవరో బండికి వేసుకుంటారు కదా. ఆ బండిమీద ఎవరో పెండ్లాం బిడ్డల్ని కూర్చోబెట్టుకుంటారు కదా."

"తెలుసు."

"రేపే చెప్పేయండి."

"చెబితే పని పోతుంది ప్రేమా."

"పోనీ."

అంత తేలిగ్గా అన్నాను గాని, ఆయనకి వారం పట్టింది. జూన్ మొదటి వానలు పడిన రోజు పోయి మేనేజరుకు చెప్పాడు. వెంటనే ఇంటికి పంపలేదు, ప్యాకింగులో పెట్టారు, సగానికి దిగిన జీతంతో. ఇరవై రెండేళ్ళు చేతిలో పట్టుకున్న ముద్ర పక్కవాడికి ఇచ్చి వచ్చాడు. నేను మడివాళలో గదులు తీసుకుని ఉన్న ఉద్యోగాల పిల్లలకి భోజనం డబ్బాలు కట్టడం మొదలుపెట్టింది ఆ నెలలోనే.

సహన డాక్టరమ్మ దగ్గరకి నన్ను కూడా తీసుకుపోయాడు. వైద్యం లేదని ఆమె చెప్పింది, ఆ మెత్తటి గొంతుతోనే. ఉన్నది ఎన్నాళ్ళు నిలుస్తుందో చూడటమే అంది. "ఇంట్లో మీరు ఆయనకి ముఖంతో కాదు, మాటతో చెప్పండి," అంది నాతో.

అట్లా మొదలైంది మా ఇంట్లో కొత్త పద్ధతి. మొదట సిగ్గేసేది. "కోపంగా ఉండాను," అని గట్టిగా చెప్పాలి. "ఇప్పుడు మూతి తిప్పుకుంటా ఉండాను," అని చెప్పాలి. మెజెస్టిక్ బస్టాండులో బస్సులు ఎనౌన్స్ చేసినట్టు ఉండేది. మా అత్త కూడా నేర్చుకుంది: "ఒరే, నేను నిన్ను గుడ్లురిమి చూస్తా ఉండాను, తెలుసుకో."

ముద్ర ఇచ్చేసి వచ్చిన ఆ రోజు, వానలో తడిసి, చెప్పులు చేత్తో పట్టుకుని వచ్చాడు. పళ్ళెంలో రాగిముద్ద, పులుసు పెట్టి ఎదురుగా కూర్చున్నాను. ఏం జరిగిందో ఒక్కొక్కటీ చెప్పాడు. మేనేజరు లేచి నిలబడి చెయ్యి చాపాడట. ఆ చెయ్యి ఎక్కడుందో తెలియక ఈయన ఒక క్షణం గాలిలో వెతికాడట. అది చెబుతా నవ్వాలని చూశాడు. నాకు కళ్ళల్లోంచి నీళ్ళు చెంపల మీదుగా మెడలోకి కారిపోతా ఉన్నాయి. తుడుచుకుంటే గాజుల చప్పుడవుతుందని తుడుచుకోలేదు.

ఆయన ముద్ద తుంచబోయి ఆగాడు. నా చెవి పక్కకి చూశాడు.

"ప్రేమా, ఏం చేస్తా ఉండావు?"

"నవ్వుతా ఉండాను," అన్నాను.

పద్దెనిమిదేళ్ళలో ఆయన చెప్పిన ఏ ఒక్క మాటనీ నేను నాలుగు ప్రశ్నలు వేయకుండా నమ్మింది లేదు. ఆయన ఒక్కటి కూడా అడగలేదు. "సరే," అని తిండిలో పడ్డాడు.